రాత్రి బస బాగుంది, పగలే ఇబ్బంది: నెల్లూరులో ఒక నిరాశ్రయుల వసతి గృహం

పడుకోవడానికి మంచి చోటే. మంచం, దుప్పటి, ఫ్యాను ఉన్నాయి. ఆధార్ లేదని ఎవర్నీ వెనక్కి పంపరు. రాత్రి ఆయాసం వస్తే కేర్‌టేకరే 108కి ఫోన్ చేస్తాడు. ఇది చిన్న సాయం కాదు. కానీ ఆసుపత్రి నుంచి అప్పుడే డిశ్చార్జి అయిన ముసలివాళ్లకి ఈ బస చాలదు.

ఉదయం 8 గంటలకి అందర్నీ బయటికి పంపి తాళం వేస్తారు. మళ్లీ తెరిచేది సాయంత్రమే. గుండె బలహీనపడి నీరు పట్టినవాళ్లకి ఆ నీటిని ఒంటేలు ద్వారా బయటికి పంపే లాసిక్స్ మాత్ర రాస్తారు. పొద్దున వేసుకుంటే గంటలోపే ఒంటేలు మొదలై ఆరేడు గంటలు వస్తూనే ఉంటుంది. బస్టాండులో మరుగుదొడ్డికి వెళ్లిన ప్రతిసారీ డబ్బు కట్టాలి, అవ్వలకైతే చాటు కూడా దొరకదు. అందుకే మాత్ర మానేస్తారు. కొన్నాళ్లకే కాళ్లు పొంగుతాయి, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు, మళ్లీ అదే వార్డుకు చేరతారు. కేసు షీటులో ‘మందులు వాడలేదు’ అని రాస్తారు. ఎందుకు వాడలేదో అడిగేవాళ్లు ఉండరు, బాధ కలిగించేది అదే.

పట్టణ పేదల కోసం 2013లో వచ్చిన కేంద్ర పథకం ఎన్‌యూఎల్‌ఎం (జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్) నిరాశ్రయులకి చెప్పింది 24 గంటల బస. అన్నీ కాకపోయినా, మరుగుదొడ్డి పక్కన నాలుగు మంచాలు పగలు కూడా ఉంచితే చాలా తేడా వస్తుంది. దానితోపాటు ఒక బరువు చూసే మిషను కావాలి. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే నీరు చేరుతున్నట్టే. ఆయాసం దాకా ఆగకుండా ఓపీకి తీసుకెళ్లాలి. రాత్రి భోజనంలో ఉప్పు ఎక్కువుండే ఊరగాయ, అప్పడం వీళ్లకి వడ్డించకూడదు.

ఫ్రిజ్ ఉంది, ఇన్సులిన్ పెట్టుకోనిస్తారు. అయితే పగలు అదీ తాళం లోపలే. నెల్లూరు మే ఎండలో సంచిలో తిప్పిన ఇన్సులిన్ పనిచేస్తుందని నమ్మలేం. షుగరు తగ్గించే గ్లిమిపిరైడ్ వాడేవాళ్లు మాత్ర ముందే మింగి అన్న క్యాంటీన్ లైన్లో నిలబడకూడదు, షుగరు పడిపోయి కళ్లు తిరుగుతాయి. ఇడ్లీ చేతికొచ్చాకే వేసుకోవాలి.

ఇక్కడికి పంపే ఆసుపత్రి సిబ్బంది డిశ్చార్జి రాయకముందే కేర్‌టేకర్‌తో మాట్లాడి పగటి మంచం ఒప్పించాలి. మందుల వేళలు తెలుగులో రాసి, కాగితం తడవకుండా కవర్లో పెట్టివ్వాలి. పగటి మంచం కుదిరాక మనిషిని మధ్యాహ్నంలోపే పంపాలి. పొద్దుగూకాక వస్తే జనం హడావుడిలో ఆ రాత్రి మందులు ఎవరూ చూడరు.