జమ్ము పొదల్లో ఫెజెంట్ వేట: కుక్కకు తొడిగే నియోప్రీన్ వెస్ట్‌తో కొన్ని సీజన్ల అనుభవం

అమెరికాలోని సౌత్ డకోటా రాష్ట్రంలో ఫెజెంట్ (కోడిని పోలిన, పొడవు తోక ఉండే పక్షి) వేట అక్టోబరు మూడవ శనివారం మొదలై జనవరి 31 వరకు సాగుతుంది. మొదటి వారాల్లో కుక్క ఒంటిమీద ఏమీ అక్కరలేదు. దానికి వేళకు నీళ్లు పట్టడమే పెద్ద పని. డిసెంబరులో మంచు పడి గడ్డి నేలకు ఒరిగిన తరువాత పక్షులు జమ్ము దట్టంగా పెరిగిన చిత్తడి పల్లాల్లోకి చేరతాయి. ఈ వెస్ట్ తన విలువను చూపేది అప్పుడే.

నా కుక్క జర్మన్ షార్ట్‌హెయిర్డ్ పాయింటర్, అంటే దాగిన పక్షి వాసన తగలగానే కదలకుండా నిలబడి వేటగాడికి దాన్ని చూపే పొట్టి బొచ్చు జాతి. లాబ్రడార్‌కు ఉండే ఒత్తైన లోపలి బొచ్చు దీనికి లేదు. పరుగెత్తుతున్నంతసేపు కండరాలే వేడి పుట్టిస్తాయి కనుక చలి దాన్ని అంతగా బాధించదు. చిక్కంతా అది ఆగినప్పుడే వస్తుంది. జమ్ము మొదళ్ల దగ్గర పలుచగా ఉన్న మంచుగడ్డ విరిగి పొట్టదాకా తడిసిన కుక్క, మరుక్షణం వాసన తగిలి పక్షి ఎదుట కదలకుండా నిలబడిపోతుంది. గాలికి అడ్డు చెప్పే చెట్టొక్కటీ లేని ఆ మైదానంలో అలా నిలిచిన కొద్ది నిమిషాలే దాన్ని వణికిస్తాయి.

నియోప్రీన్ లోపల సన్నని వాయు బుడగలుండే కృత్రిమ రబ్బరు. అది కుక్కను తడవకుండా ఆపదు. లోపలికి చేరిన కొద్దిపాటి నీటిని కదలనివ్వకుండా ఒంటివేడికి వెచ్చబడనిస్తుంది, తడిసిన చర్మానికి గాలి సోకనివ్వదు. అందువల్ల బిగువే ప్రధానం. వదులుగా ఉంటే అడుగడుగునా చన్నీరు వచ్చిపోతూ ఉంటుంది, అంతకంటే తొడగకపోవడమే మేలు. తయారీదారు బరువును బట్టి సైజు చెబుతాడు గాని, ఛాతీ లోతుగానూ నడుము సన్నగానూ ఉండే పాయింటర్లకు ఆ లెక్క కుదరదు. ఛాతీ చుట్టుకొలత చూసి కొని, నడుము దగ్గర మిగిలినదాన్ని కత్తిరించి నియోప్రీన్ జిగురుతో అతికించుకున్నాను. కత్తిరించిన అంచు పోగులూడదు, ఇదొక సౌకర్యం.

మందం 3 మిల్లీమీటర్లు చాలు. 5 మిల్లీమీటర్లది బాతుల వేటలో గంటల తరబడి కూర్చునే కుక్కలకు తగినది. రోజంతా పరుగెత్తే కుక్కకు అది బరువు, పైగా ఉడుకు. మంచు పొడిగా ఉండి నీటి జాడ లేని రోజున మైనస్ 10 డిగ్రీల చలిలో కూడా నేను వెస్ట్ తొడగను. హైదరాబాదులో ఇదే జాతి కుక్కను పెంచే బంధువొకరు తమకూ ఒకటి పంపమన్నారు. అక్కడి వేడిలో ఇది కుక్కకు శిక్షే అవుతుంది.

రంగు విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు: మెరిసే నారింజ రంగే కొనాలి. ఎండిన జమ్ములో గోధుమవన్నె కుక్క కనిపించదు, గాయపడ్డ పుంజు తక్కువ ఎత్తులో ఎగిరితే కుక్క దాని వెంటే గెంతుతుంది. ఆ క్షణంలో తుపాకీ ఎత్తినవాడికి కుక్క ఎక్కడుందో తెలిసి తీరాలి.

లోపాలకు వస్తే, ముందుకాళ్ల సందుల్లో అంచు ఒరుసుకుని చర్మం ఎర్రబడుతుంది. అక్కడ వాజలీన్ రాయడం తప్పనిసరి. వెల్క్రో పట్టీలకు ముళ్లకాయలూ మంచూ పట్టి అంటుకోవడం మానేస్తాయి. వీపు మీది జిప్ గడ్డకట్టి కదలదు, దానికి కొవ్వొత్తి మైనం రుద్దితే చాలావరకు తీరుతుంది. రెండు సీజన్లు దాటేసరికి కాలి దగ్గరి అతుకు విడిపోయింది. ముళ్లకంచెల మీద పైగుడ్డ చిరిగినా లోపలి రబ్బరు మాత్రం నిలిచింది, కుక్క రొమ్ముకు గీత పడలేదు. గట్టిపడిన మంచు పెచ్చు కోసే కాళ్లకు మాత్రం ఈ వెస్ట్ ఏ రక్షణా ఇవ్వదు.

వేట ముగియగానే బండి దగ్గరే విప్పేసి కుక్కను తువ్వాలుతో తుడవాలి. తడి వెస్ట్‌తో వెచ్చని బండిలో కూర్చోబెడితే చర్మం నానిపోతుంది. ఇంటికి వచ్చాక మంచినీళ్లలో జాడించి నీడన ఆరవేయాలి, ఎండకు రబ్బరు పెళుసెక్కుతుంది. మళ్లీ కొనవలసి వస్తే ఇదే మందం, ఇదే రంగు తీసుకుంటాను గాని, వెల్క్రో లేకుండా జిప్ ఒక్కటే ఉన్నది చూస్తాను.