చిత్తూరు జిల్లాలో ఉచిత న్యాయ సేవ: ఊరి పిలకాయలు నేర్చుకోవాల్సిన పని

కోర్టు ఖర్చు మోయలేనివాళ్ళకు ప్రభుత్వమే లాయరును పెట్టాలని 1987లో చట్టం చేశారు. అది 1995 నవంబరు 9 నుంచి అమల్లో ఉంది. చిత్తూరులో జిల్లా కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థ, మండల స్థాయిలో కోర్టులున్న చోట మండల న్యాయ సేవా కమిటీలు ఈ పని చూస్తాయి. మా అంచనా ముందే చెబుతాం. సేవ మంచిది, నమ్మి వెళ్ళవచ్చు. కానీ అర్జీ రాయగలిగిన ఇంటర్ పిల్లో, డిగ్రీ పిల్లోడో వెంట ఉన్న ఇంటికి అందినంతగా, ఎవరూ లేని ఇంటికి అందడం లేదు. అందుకే ఊరి యువజన సంఘాలు ముందు దీన్ని నేర్చుకోవాలంటాం.

ఎవరికి వర్తిస్తుందన్న దగ్గరే పెద్ద అపోహ ఉంది. తెల్లకార్డు ఉంటేనే అనుకుంటారు. చట్టంలోని 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్ళకు, పిల్లలకు, వికలాంగులకు, పారిశ్రామిక కార్మికులకు, కస్టడీలో ఉన్నవాళ్ళకు, కుల దాడుల బాధితులకు, వరద, కరువు బాధితులకు ఆదాయంతో పనిలేదు. మిగతావాళ్ళకే ఆదాయ పరిమితి. అక్కడ కూడా తన ఆదాయం గురించి మనిషి ఇచ్చే అఫిడవిట్‌నే (ప్రమాణం చేసి ఇచ్చే రాతపూర్వక ప్రకటననే) చాలినదిగా తీసుకోవచ్చని 13వ సెక్షన్ చెబుతోంది. ఆదాయ సర్టిఫికెట్ కోసం తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగి నెల పోగొట్టుకోనక్కర్లేదు.

అర్జీ తెల్లకాగితం మీద తెలుగులోనే రాయవచ్చు. పేరు, ఊరు, ఫోను నంబరు, 12వ సెక్షన్‌లో ఏ కోవకు వస్తారో, ఎదుటిపక్షం ఎవరు, ఏం జరిగింది, ఏం కావాలి: ఇవన్నీ ఒక పేజీలో సరిపోతాయి. 'న్యాయం చేయండి' అని ముగించిన అర్జీ ఎటూ తేలదు. 'భరణం కేసు వేయడానికి లాయరు కావాలి', 'ఫలానా కేసులో నా తరఫున వాదించేవాళ్ళు కావాలి' అని స్పష్టంగా అడగాలి. కులధ్రువీకరణ పత్రం, ఆధార్, కేసు ఇప్పటికే నడుస్తుంటే సమన్ల నకలు జత చేయాలి. భూమి గొడవైతే డి పట్టా (ప్రభుత్వం పేదలకిచ్చిన భూమి పట్టా), అడంగల్ (సాగు వివరాల రికార్డు), 1బి (హక్కుదారు వివరాల రికార్డు) నకళ్ళు పెట్టి, సర్వే నంబరు మూడింట్లోనూ ఒకటేనా అని చూసుకోవాలి. అది తేడా ఉంటే లాయరు దగ్గర మొదటి వాయిదాలోనే బండి ఆగుతుంది. రెండు ప్రతులు తీసుకెళ్ళి ఒకదాని మీద తేదీ, ముద్ర వేయించుకోవడం అన్నిటికంటే ముఖ్యం. 2010 నాటి జాతీయ నిబంధనల ప్రకారం అర్జీ మీద ఏడు రోజుల్లోపు నిర్ణయం చెప్పాలి. ముద్ర లేకపోతే ఆ ఏడు రోజులు ఎప్పుడు మొదలయ్యాయో ఎవరూ చెప్పలేరు. తిరస్కరిస్తే సంస్థ అధ్యక్షుడికి అప్పీలు చేసుకోవచ్చు.

అర్జీ మంజూరైతే లాయరు ఫీజే కాదు, కోర్టు ఫీజు, ప్రాసెస్ ఫీజు (సమన్లు పంపే ఖర్చు), నకళ్ళ ఖర్చు కూడా సంస్థదే. ప్యానెల్ లాయరు, అంటే సంస్థ జాబితాలోంచి పెట్టిన లాయరు, కక్షిదారు దగ్గర ఒక్క రూపాయి తీసుకోకూడదు. అడిగితే, లేదా వాయిదాలకు రాకపోతే, లాయరును మార్చమని రాతపూర్వకంగా కోరవచ్చు. ఈ సంగతి తెలియక చాలామంది ఊరుకుంటారు. 15100 హెల్ప్‌లైన్ సలహాకు పనికొస్తుంది, ఎక్కడికి వెళ్ళాలో చెబుతుంది. లాయరును పెట్టించుకోవాలంటే మాత్రం ముద్ర పడిన కాగితమే మేలు.

లోక్ అదాలత్, అంటే గొడవను రాజీతో తేల్చే వేదిక, ఈ సేవలో అందరూ మెచ్చుకునే భాగం. మేమూ మెచ్చుకుంటాం, ఒక షరతు మీద. కేసు వేయకముందే అర్జీ పెట్టుకోవచ్చు, ఫీజు లేదు. నడుస్తున్న కేసు రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు తిరిగి వస్తుంది. అక్కడ రాసే రాజీ ఉత్తర్వుకు (అవార్డుకు) కోర్టు డిక్రీతో, అంటే తీర్పుతో, సమానమైన విలువ. దానిమీద అప్పీలు లేదు. షరతు ఇక్కడే. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సీజనంతా పనిచేసిన కూలీలకు రావాల్సింది ఎంతో ముందే లెక్క కట్టుకోకుండా వెళితే, ఎదుటివాళ్ళు చెప్పిన అంకె దగ్గరే సంతకం పడుతుంది, తర్వాత చేసేదేమీ ఉండదు. హాజరు పుస్తకం ఫొటోలు, మేస్త్రీ పంపిన వాట్సాప్ మెసేజీలు, బ్యాంకులో పడిన జమలు తేదీల వారీగా ఒక కాగితం మీద రాసుకొని వెళ్ళాలి. అవార్డులో ఎంత, ఏ తేదీకి, ఎవరి ఖాతాలో, కట్టకపోతే వడ్డీ ఎంత అన్నది ఉందో లేదో సంతకానికి ముందు ఒకరు గట్టిగా చదివి వినిపించాలి. ఇంకో మాట: డబ్బు బాకీ దావాకు సాధారణంగా మూడేళ్ళ గడువు. లోక్ అదాలత్ తేదీ కోసం చూస్తూ అది దాటిపోనివ్వకూడదు.

శాశ్వత లోక్ అదాలత్ వేరు. కరెంటు, నీళ్ళు, రవాణా, తపాలా, ఆసుపత్రి, బీమా లాంటి సేవల గొడవల్లో రాజీ కుదరకపోయినా అది తీర్పు చెప్పగలదు. ఇది తెలిసినవాళ్ళు చాలా తక్కువ.

దళితవాడల పిలకాయలు అన్నిటికంటే ముందు నేర్చుకోవాల్సింది ఫిర్యాదు రాయడం. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద వేసిన కేసు చాలాసార్లు మొదటి పేజీలోనే బలహీనపడుతుంది. బాధితుల కులం, నిందితుల కులం రెండూ రాయాలి. కులం పేరుతో తిట్టినప్పుడు అది జనం చూడగలిగిన, వినగలిగిన చోటా కాదా అన్నదాన్ని కోర్టు పట్టి చూస్తుంది. కనుక బావి దగ్గరా, బస్టాండులోనా, ఆ సమయానికి అక్కడ ఎవరెవరు ఉన్నారో పేర్లతో రాయాలి. అన్న మాటలను మర్యాద కోసం మార్చకుండా ఉన్నవి ఉన్నట్టే పెట్టాలి. ప్రాథమిక విచారణ అయ్యాకే ఎఫ్‌ఐఆర్ అని స్టేషన్‌లో అంటే, 2018లో చేర్చిన 18ఏ సెక్షన్ ఆ అవసరం లేదంటోందని చెప్పవచ్చు. దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి చేసి, 60 రోజుల్లో ముగించాలి. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితం. ఫిర్యాదు తీసుకోకపోతే అదే కాగితాన్ని ఎస్పీకి స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి, తర్వాత మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్ళడానికి అదే ఆధారం. పరిహారం కూడా తీర్పు దాకా ఆగదు. ఎక్కువ నేరాల్లో ఎఫ్‌ఐఆర్ దశలోనే నాలుగో వంతు, చార్జిషీటు వెళ్ళాక సగం ఇవ్వాలని నిబంధనలున్నాయి. అది ఆగితే ఎక్కడ ఆగిందో ఆర్టీఐ కింద అడగండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు 30 రోజులు. 'ఎందుకు ఇవ్వలేదు' అని కాకుండా 'ఫైలు ఏ తేదీన ఎవరి దగ్గరకు వెళ్ళింది, నోట్ నకలు ఇవ్వండి' అని అడిగితే జవాబు దాటేయడం కష్టం.

ఇక అవగాహన సదస్సులు. గంటసేపు వేదిక మీద సెక్షన్ల నంబర్లు వినిపిస్తే పిల్లల చేతికి పని రాదు. సేవలో మాకు కనిపించే బలహీనత ఇదే. అదే గంటలో ఇరవై మందికి తలా ఒక తెల్లకాగితం ఇచ్చి, ఊహించిన ఒక గొడవ మీద అర్జీ రాయించి, తప్పులు అక్కడే దిద్దితే ఊరికి ఇద్దరైనా రాయగలిగినవాళ్ళు తయారవుతారు. అర్జీలు దిద్దడానికి తిరుపతి లా విద్యార్థులను పిలిస్తే వాళ్ళకూ, ఊరి పిల్లలకూ పాఠమే.

ఇలా అర్జీ రాయడం నేర్చినవాళ్ళు పేరాలీగల్ వాలంటీర్లుగా (జనానికి న్యాయ సేవ అందేలా సాయపడే కార్యకర్తలుగా) చేరడానికి దరఖాస్తు చేసుకోవచ్చు. నియామకాల ప్రకటన వచ్చినప్పుడు జిల్లా సంస్థలో అడగాలి. పదో తరగతి చదివినవాళ్ళకు ప్రాధాన్యం ఉంటుంది, విద్యార్థులు, అంగన్‌వాడీ కార్యకర్తలు, మహిళా సంఘాల సభ్యులు కూడా అర్హులే. శిక్షణ, గుర్తింపు కార్డు ఇస్తారు, పనిచేసిన రోజుకు గౌరవ వేతనం ఉంటుంది. ఇది ఉద్యోగం కాదు, కోర్టులో వాదించే హక్కూ రాదు, సాయం కోరినవాళ్ళ దగ్గర చాయ్ డబ్బులు కూడా తీసుకోకూడదు. దరఖాస్తు పెట్టే ముందు ఇంట్లోవాళ్ళకు ఈ సంగతి చెప్పి ఉంచండి.