వేషాల బీరువా: ఏడేళ్ళ లెక్క

మా ఇంట్లో రెండో గది తలుపు తీస్తే ముందు కలరా ఉండల వాసన కొడుతుంది, ఆ తర్వాత కాళ్ళకి చమ్కీలు అంటుకుంటాయి. ఒక ఇనప బీరువా, దాని పక్కన ఈ గోడ నుంచి ఆ గోడకి బిగించిన పైపు, దాని మీద నూట నలభై దాకా వేషాల డ్రెస్సులు. వాటిలో కృష్ణులు పంతొమ్మిది మంది, గోపికలు పన్నెండు మంది, భారతమాతలు ఆరుగురు, అల్లూరి సీతారామరాజులు ఐదుగురు, తెలుగుతల్లులు ముగ్గురు, ఒక బెండకాయ. అన్నీ నేను కుట్టినవే. 2018లో తెనాలిలో మా అమ్మ కాలి మిషను మీద సరదాగా మొదలైన పని ఇది. "నాకూ కుట్టు వచ్చు, దీని మీద నాలుగు రాళ్ళు వస్తాయా?" అని బంధువుల్లో, ఇరుగుపొరుగులో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఈ ఏడేళ్ళలో నేను పట్టిన దారులన్నీ, ఏది ఎంత ఇచ్చిందో, ఏది నడుం విరగ్గొట్టిందో, ఉన్నదున్నట్టు చెబుతాను.

మొదటి దారి కూచిపూడి డ్రెస్సులు. కృష్ణ దాటితే మొవ్వ దగ్గర కూచిపూడి ఊరు. మా వైపు వీధికో డాన్సు క్లాసు ఉండటంలో వింతేం లేదు. మా అమ్మాయి అరంగేట్రానికి బయట అడిగిన రేటు విని గుండె ఆగినంత పనై, నా పాత ఆర్ట్ సిల్క్ చీర ఒకటి కోసేశాను. డ్రెస్సు అంటే పైజమా, జాకెట్టు, పైట ముక్క, వెనక ముక్క, ముందు విసనకర్రలా విచ్చుకునే కుచ్చిళ్ళు. ఆ కుచ్చిళ్ళలోనే ఉంది ప్రాణమంతా. అరమండిలో, అంటే మోకాళ్ళు పక్కలకి వంచి సగం కూర్చున్నప్పుడు, పూర్తిగా విచ్చుకోవాలి, లేచేసరికి మడత మీద మడత పడిపోవాలి. నేను చేసినవి మొదటిసారి గొడుగులా విచ్చుకుని అలాగే నిలబడ్డాయి. డాన్సు మాష్టారు నవ్వి, మడతల వెనక రెండు చోట్ల టేపు వేసి కుట్టమన్నారు. తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేసి, బరువు పెట్టి, రాత్రంతా వదిలేయమన్నారు. ఇప్పటికీ అలాగే చేస్తున్నాను. బరువు మాత్రం మా ఆయన లా పుస్తకాలు. ఆ పుస్తకాలు ఈ ఇంట్లో ఇంకెందుకూ పనికిరాలేదు.

తర్వాత ఆ క్లాసు పిల్లల తల్లులే వచ్చారు. చీర వాళ్ళది, కుట్టు కూలి నాది. తొమ్మిది వందలు తీసుకునేదాన్ని. ఏడాది తిరిగాక ఒకరోజు గడియారం దగ్గర పెట్టుకుని కుట్టాను. ఒక డ్రెస్సుకి పద్నాలుగు గంటలు పట్టింది. లైనింగు, హుక్కులు, నాడాలు, అంచు పోగులు ఊడకుండా బయట వేయించే ఓవర్‌లాక్, అన్నీ కలిపి మూడొందల యాభై నా చేతి నుంచే పోయింది. అంటే గంటకి నలభై రూపాయలు కూడా పడలేదు. ఇప్పుడు రెండు వేల రెండొందలు తీసుకుంటున్నాను. రేటు పెంచినప్పుడు సగం మంది మానేశారు. "ఇంట్లో ఉండి కుట్టేదానికి ఇంతా?" అని ఒకావిడ మొహం మీదే అంది. పోయిన సగం మంది ఏడాదిలో మళ్ళీ వచ్చారు, ఆవిడ రాలేదు. మంచిదే అయింది.

ఈ దారిలో ఇంకో భయం ఉంది. కత్తెర పడ్డ పట్టుచీర మళ్ళీ చీర కాదు. ఒకసారి ఏప్రిల్లో తీసుకున్న కొలతలతో డిసెంబరులో కుట్టిచ్చాను. పన్నెండేళ్ళ పిల్ల, ఎనిమిది నెలల్లో రెండంగుళాలు ఎదిగింది. పైజమా పిక్కల మీదకి ఎక్కి కూర్చుంది. చీర ధర్మవరం పట్టు. ఆ రాత్రి కాళ్ళకి జరీ అంచు అతికి, అదే ఫ్యాషనన్నట్టు పంపించాను. అప్పటి నుంచి ఆది జాకెట్టు ఇచ్చినా సరే, కోతకి ముందు రోజు పిల్లని నిలబెట్టి కొలవకుండా కత్తెర పట్టను. పైగా లోపల రెండంగుళాల మార్జిన్, పైజమాకి విప్పుకునే టక్కులు తప్పనిసరి.

ఇక అద్దె. ఇందులోకి అనుకోకుండా వచ్చాను. అసలు డబ్బు చూసింది ఇక్కడే. కృష్ణాష్టమికి మేనల్లుడి కోసం కుట్టిన పసుపు శాటిన్ పంచె, ఎర్ర వెల్వెట్ నడుంపట్టీ పక్కింటివాళ్ళు అడిగి తీసుకెళ్ళారు. తిరిగిస్తూ చేతిలో వంద రూపాయలు పెట్టారు. వద్దన్నాను. రెండోసారి కూడా వద్దనే అన్నాను. మూడో ఇంటివాళ్ళు వచ్చినప్పుడు తీసుకున్నాను. ఐదేళ్ళ కృష్ణుడి సెట్టుకి బట్ట, లేసు, కిరీటం, పిల్లనగ్రోవి కలిపి నాకు నాలుగొందల ఎనభై అవుతుంది. అద్దె రెండొందలు. ఏడాదిలో సగటున ఐదుసార్లు బయటికెళ్తుంది, మూడేళ్ళు నిలుస్తుంది. కూచిపూడి డ్రెస్సు ఒకసారి గుమ్మం దాటితే మళ్ళీ నా ముఖం చూడదు. ఈ కృష్ణుడు మాత్రం వెళ్తాడు, వస్తాడు.

అయితే అద్దెకిచ్చే డ్రెస్సు కుట్టే పద్ధతే వేరని తెలుసుకోడానికి రెండేళ్ళు పట్టింది. అందంగా కుడితే చాలనుకున్నాను. అద్దె డ్రెస్సుకి అందం తర్వాత సంగతి, ముందు అది ఎంతమంది ఒళ్ళకి సర్దుకుంటుందో చూడాలి. జాకెట్టు వెనక ఒక వరస హుక్కులు కాదు, అంగుళం ఎడంలో మూడు వరసలు. నడుముకి ఎలాస్టిక్ వేస్తే బీరువాలో వేలాడుతూనే సాగి చచ్చిపోతుంది, నాడా అయితే పదేళ్ళుంటుంది. వెల్‌క్రో సులువే గానీ పక్కనున్న నెట్‌ని, జరీని పీకి పోగులు చేస్తుంది. లోపల లైనింగు కాటనే ఉండాలి. శాటిన్ ఒంటికి తగిలితే పిల్లలు స్టేజీ మీదే గోక్కుంటారు. మెడ దగ్గర పట్టీ విడిగా ఊడొచ్చేలా పెట్టాలి, మేకప్పు మరక పడేది అక్కడే. చంకల కింద ఒక గుడ్డ ముక్క, అదీ విడిగా ఊడొచ్చేదే.

ఉతుకుడు గురించి ఎవరూ చెప్పరు. నా టైములో మూడో వంతు దానికే పోతుంది. శాటిన్, పాలిస్టర్ బకెట్లోకి, జరీ ఉన్నవి కుంకుడురసంలోకి, వెల్వెట్ ఆవిరి మీదకి, ఎండలో ఏదీ ఆరేయకూడదు. ఒకసారి మెరూన్ అంచు క్రీమ్ బాడీలోకి దిగి, ఒక గోపిక జాకెట్టు మొత్తం గులాబీ రంగైంది. పర్లేదు, గులాబీ గోపికకి గిరాకీ ఎక్కువే వచ్చింది. విగ్గులది మరో కథ. పిల్లల తలల్లో ఏముంటాయో తల్లులందరికీ తెలుసు. ప్రతి విగ్గూ తిరిగొచ్చాక ప్లాస్టిక్ సంచిలో బిగించి రెండు వారాలు అటక మీద పడేస్తాను. నవంబరులో అంత తీరిక ఉండదు, అందుకే విగ్గులు రెట్టింపు పెట్టుకోవాల్సి వచ్చింది.

డిపాజిట్టు ఐదొందలు. అయినవాళ్ళని అడగడానికి మొదట్లో నోరు రాలేదు. ఆ మొహమాటం ఖరీదు రెండు కిరీటాలు, ఒక భారతమాత జెండా, ఒక వడ్డాణం. ఇప్పుడు మా ఆడపడుచు వచ్చినా ఐదొందలు బల్ల మీద పెట్టాకే బీరువా తెరుస్తాను. "వదినా, నా దగ్గర కూడానా?" అంటుంది. నీ దగ్గర ముందు, అంటాను.

గిరాకీ అంతా క్యాలెండరు చేతిలో ఉంది. జులై 4 అల్లూరి జయంతి, ఆగస్టు 15, కృష్ణాష్టమి, ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం, నవంబరు 14 బాలల దినోత్సవం, క్రిస్మస్, సంక్రాంతికి హరిదాసులు, జనవరి 26, దానికి అటూ ఇటూ బళ్ళ వార్షికోత్సవాలు. క్రిస్మస్ దారి నాకు చూపించింది మా వీధి చర్చి పాస్టరమ్మ గారు. దేవదూతల రెక్కలు, గొర్రెల కాపరుల పొడుగు చొక్కాలు, ముగ్గురు జ్ఞానులకి కిరీటాలు. ఒక్క సెట్టు చేస్తే డిసెంబరంతా చర్చి నుంచి చర్చికి తిరుగుతూనే ఉంటుంది. మార్చి నుంచి జూన్ దాకా పైసా రాదు. నెల జీతంలా వస్తుందనుకునేవాళ్ళు ఈ మాట రెండుసార్లు చదువుకోండి.

2020 మార్చిలో బళ్ళు మూతపడినప్పుడు ఆ పైసా రాని కాలం ఏడాదిన్నర సాగింది. మాస్కులు కుట్టి కరెంటు బిల్లు కట్టాను. తిరిగి బీరువా తెరిస్తే ఎలాస్టిక్‌లన్నీ పొడిపొడి, రెండు వెల్వెట్ కోట్లకి చిమ్మెటలు. నాడాలకి మారింది అప్పుడే.

ఆన్‌లైన్ అమ్మకం నా వరకు వంకాయంత లాభం, గుమ్మడికాయంత నష్టం. ఒక పెద్ద సైటులో చిన్న పిల్లల కృష్ణుడి సెట్లు పెట్టాను. మొదటి కృష్ణాష్టమికి నలభై వెళ్ళాయి. పండగ వెళ్ళిన మర్నాటి నుంచి రిటర్నులు. ఒక పంచెకి వెన్న మరక, ఒక ఉత్తరీయానికి కుంకుమ, ఒక కిరీటం లోపల కొబ్బరినూనె. వేసుకున్నారు, ఫోటోలు దిగారు, సైజు సరిపోలేదని వెనక్కి పంపారు. అద్దె లేకుండా అద్దెకిచ్చినట్టయింది, పోనూ రానూ చార్జీలు నా నెత్తిన. ఒకప్పుడు ఇలాంటి సైట్ల ద్వారా వస్తువులు అమ్మాలంటే ఎంత చిన్నవాళ్ళకైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 2023 అక్టోబరు 1 నుంచి సొంత రాష్ట్రం లోపలే అమ్ముకునే చిన్నవాళ్ళకి ఆ బాధ తప్పింది, ఒక ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుంటే చాలు. అయినా నేను మళ్ళీ వెళ్ళలేదు. వాట్సాప్ స్టేటస్‌లో ఫోటో పెడితే చాలు, ఊరు ఊరంతా చూస్తుంది, తిరిగిచ్చేటప్పుడు కుంకుమ మరక వాళ్ళ కళ్ళెదుటే చూపించొచ్చు.

అమెరికా ఆర్డర్లు కొన్నాళ్ళు బాగా నడిచాయి. మా పిన్ని కూతురు అక్కడ ఒక డాన్సు క్లాసులో చెబితే, ఏడాదికి పదిహేను కూచిపూడి డ్రెస్సుల దాకా వెళ్ళేవి. వీడియో కాల్లో టేపు పట్టుకుని తల్లి చేత కొలిపించేదాన్ని. 2025 ఆగస్టు 29 నుంచి 800 డాలర్ల లోపు పార్శిళ్ళకున్న సుంకం మినహాయింపు అక్కడ తీసేశాక, డ్రెస్సు ధర మీద ఇంకో సగం పడేసరికి ఆర్డర్లు చల్లబడ్డాయి. ఇప్పుడు సంక్రాంతికి వచ్చేవాళ్ళు సూట్‌కేసులో పట్టుకెళ్తున్నారు. ఒక్క మాట: కృష్ణుడి సెట్టు బయటి దేశానికి పంపితే అసలు నెమలి ఈక పెట్టొద్దు. రాలిన ఈకలు మన దగ్గర కొనుక్కోవచ్చు, అమ్ముకోవచ్చు గానీ దేశం దాటించడం నిషేధం. నేను శాటిన్ రిబ్బను మీద పెయింటు వేసి ఈక చేస్తాను, కన్నుతో సహా.

నాటకాల సామానులోకి దిగుదామని కూడా చూశాను. తెనాలి కదా, పద్యనాటకం పిచ్చి ఉన్న ఊరు. కానీ ఆ కిరీటాలు, భుజకీర్తులు తరాలుగా చేసేవాళ్ళున్నారు, వాళ్ళ ముందు నా గ్లూ గన్ పని పిల్లల ఆట. కొత్తవి చేయలేకపోయినా పాతవి బాగుచేయడం మాత్రం దొరికింది. వెలిసిన వెల్వెట్ పీకి కొత్తది అతికి, ఊడిన కుందన్లు, చమ్కీలు కుట్టడం. ఒక జత భుజకీర్తులకి నాలుగొందలు. చప్పుడు లేని పని, మధ్యాహ్నాలు రేడియో వింటూ చేసుకోవచ్చు. నా మనసుకి బాగా నచ్చింది ఇదే, డబ్బు మాత్రం అంతంత.

వేసవిలో ఆరుగురు ఆడపిల్లలకి నేర్పాను. పది వేలొచ్చాయి. అందులో ఇద్దరు ఇప్పుడు మా వీధి చివరే అద్దెలు మొదలుపెట్టారు. ఏమంటాం.

మిషను సంగతి అడుగుతారు కాబట్టి చెబుతాను. కాలి మిషను మీద బుక్రం (బిగువు కోసం లోపల వేసే గట్టి గుడ్డ), వెల్వెట్, లైనింగు కలిసి నాలుగు పొరలు పడితే సూది విరిగేది. 2021లో ఫ్యాక్టరీలో వాడిన సెకండ్‌హ్యాండ్ జుకీ కంపెనీ మిషను కొన్నాను. నాలుగు పొరలైనా వెన్నలో కత్తి. దానికున్న క్లచ్ మోటారు (ఎప్పుడూ తిరుగుతూనే ఉండేది) తీసేసి సర్వో మోటారు (తొక్కినప్పుడే తిరిగేది) పెట్టించాక చప్పుడు తగ్గింది, కరెంటూ తగ్గింది. శాటిన్‌కి 11 నంబరు సూది, వెల్వెట్‌కి 16, సాగే లైక్రాకి మొన గుండ్రంగా ఉండే బాల్ పాయింట్. సూది మార్చడానికి బద్ధకించి శాటిన్ మీద పోగులు లాగినన్ని సార్లు లెక్కేస్తే కొత్త మిషనే వచ్చేది. మొదలుపెట్టేవాళ్ళు మాత్రం ముందు మిషను కొనకండి. బట్ట విజయవాడలో వస్త్రలత అనే టోకు బట్టల బజారులో థానులు విప్పించి తెచ్చుకోండి, ఇంట్లో ఉన్న మిషను మీదే పది కృష్ణులు కుట్టండి.

పోయిన ఏడాది లెక్క: అద్దెలు లక్షా ఇరవై ఎనిమిది వేలు, కుట్టు కూలి డెబ్బై ఒక్క వేలు, బాగుచేతలు ఇరవై రెండు వేలు, నేర్పడం పది వేలు. మొత్తం రెండు లక్షల ముప్ఫై ఒక్క వేలు. బట్టకి, ఉతకడానికి వచ్చే అమ్మాయికి, కరెంటుకి ఎనభై నాలుగు వేలు పోయాయి. మిగిలింది లక్షా నలభై ఏడు వేలు. నా మెడనొప్పికి వాడిన మందులు ఇందులో కలపలేదు.

ఈ వారం ఎల్‌కేజీ పిల్లకి వంకాయ కావాలన్నారు. ఊదారంగు శాటిన్ లోపల పల్చటి ఫోమ్, పైన ఆకుపచ్చ ఫెల్టు తొడిమ టోపీలా. "వంకాయ మళ్ళీ ఎవరడుగుతారే?" అన్నారు మా ఆయన. బీరువా చివర వేలాడుతున్న బెండకాయని చూపించాను. అది ఇప్పటికి తొమ్మిదిసార్లు వెళ్ళొచ్చింది.