పాత కాగితం టెక్స్చర్ల ప్యాక్ కొనే ముందు ఒక్క నిమిషం ఆగండి

శుభలేఖలు డిజైన్ చేసే డీటీపీ మిత్రులకు, ముఖ్యంగా ఒంగోలు, కావలి, నెల్లూరు వైపు నాలాగా చిన్న షాపులు నడుపుకొనేవాళ్లకు ఈ హెచ్చరిక. ‘300 పాత కాగితాల టెక్స్చర్లు, ప్రింటు నాణ్యత, 1,499 రూపాయలు’ అని ఫోనులో ప్రకటన కనిపిస్తే డబ్బు పంపకండి. టెక్స్చర్ అంటే డిజైన్‌కు కాగితం రూపు తెచ్చే బొమ్మ ఫైలు. నేను పంపాను.

నాకు కావలిలో షాపు ఉంది. కందుకూరు నుంచి ఒక పెద్దాయన వచ్చి, కూతురి శుభలేఖ తాతల కాలంనాటి ఉత్తరంలా, వన్నె మారిన కాగితం మీద రాసినట్టు ఉండాలన్నారు. ముహూర్తం దగ్గర పడింది, చేతిలో వేరే పనులున్నాయి. సొంతంగా చేసుకునే తీరిక లేక ఆ ప్యాక్ కొన్నాను. ఫైలు తెరిస్తే 2480 × 3508 పిక్సెళ్లు, పక్కనే 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) అని ఉంది. ఏ4కి సరిగ్గా సరిపోయే లెక్క. కార్డు 7 × 10 అంగుళాలే కాబట్టి 2100 × 3000 పిక్సెళ్లుంటే చాలు. ఇంకేం కావాలనుకున్నాను. తెరమీద కార్డు మొత్తం ఒకేసారి కనిపించేలా పెట్టుకుని చూస్తే ముచ్చటగానే ఉంది. ప్రూఫు (నమూనా అచ్చు) తీయించకుండా నెల్లూరు ట్రంకు రోడ్డు పక్క సందులోని ప్రెస్సుకు పంపేశాను. ఆ తప్పు మాత్రం నాదే.

500 కార్డులు అచ్చయి వచ్చాయి. పెద్దాయన కళ్లజోడు పైకి నెట్టుకుని, కార్డును వెలుతురుకు పెట్టి చూశారు. వధువు పేరు పైన మామిడి పిందె ఆకారంలో ఒక మరక ఉంది. రెండంగుళాల కింద అదే పిందె. పక్కన మళ్లీ అదే. లెక్కపెడితే మొత్తం తొమ్మిది. “ఇదేమిటి నాయనా, మీ కాగితానికి చెదలు కూడా వరసలో నిలబడి పట్టాయా?” అన్నారు. తరవాత నాలుగు మూలలా నల్లగా మాడినట్టున్న చోట వేలు పెట్టి, “ఇక్కడ పసుపు రాస్తే ఎవరికి కనిపిస్తుంది?” అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఇన్నేళ్లుగా శుభలేఖలు చేస్తున్నాను, పసుపు సంగతే మరిచిపోయాను.

ఆ రాత్రి ఫైలును 100 శాతం జూమ్‌లో పెట్టి చూశాను. అప్పుడు బయటపడింది అసలు బండారం. కాగితపు పీచు ఉండాల్సిన చోట మసకగా నలిపేసిన మరకలు, వాటి చుట్టూ చిన్న చిన్న చదరపు గళ్లు. జేపెగ్ ఫైలును బాగా కుదిస్తే 8 × 8 పిక్సెళ్ల గళ్లు ఇలా తేలతాయి. అంటే ఎక్కడో దొరికిన చిన్న బొమ్మను పలకలు పరిచినట్టు పక్కపక్కన అతికించి, సాగదీసి పెద్దది చేశారన్నమాట. డీపీఐ అనేది ఫైలు మీద అతికించిన చీటీ మాత్రమే, పిక్సెల్ ఒక్కటి కూడా మార్చకుండా 72ను 300గా రాసుకోవచ్చు. పిక్సెళ్ల సంఖ్యను సైతం ఇలా ఉబ్బించవచ్చని నాకు ఆలస్యంగా తెలిసింది. కొనే ముందు ఒక్క ఫైలైనా పూర్తి సైజులో అడిగి, 100 శాతంలో పీచు కనిపిస్తుందో లేదో చూడండి. అమ్మేవాడు ఫోను సైజు నమూనా తప్ప ఇంకేమీ చూపించకపోతే అక్కడే వదిలేయండి.

300 అన్నవి కూడా లెక్కకు ఇరవై దాటవు. మిగిలినవన్నీ వాటినే తిప్పి, అద్దంలో చూపించి, రంగు మార్చినవే. ఆ పిందె మరకను పట్టుకుని వెతికితే ఒక చోట తలకిందులుగా, ఒక చోట పచ్చగా దొరికింది. ఇంకో ఫైలులో లెవెల్స్ (వెలుగునీడలు సరిచేసే మీటలు) జరిపేసరికి ఏటవాలుగా వాటర్‌మార్కు అక్షరాలు తేలాయి. ఎవరో అమ్ముకునే బొమ్మలను దొంగిలించి మనకు అంటగట్టారు. అసలు హక్కుదారు అడిగితే కార్డు వేసిన మనమే సమాధానం చెప్పుకోవాలి. జిప్‌లో ఒక ఈఎక్స్ఈ ఫైలు కూడా ఉంది, ‘ముందు దీన్ని ఇన్‌స్టాల్ చేయండి’ అనే సూచనతో. బొమ్మలు వాడుకోవడానికి ప్రోగ్రాము ఎందుకు? దాని జోలికి మాత్రం పోలేదు.

రెండోసారి మా తాత కిరాణా కొట్టు చిట్టా పుస్తకం తీశాను. చివర్లో రాయని పేజీ ఒకటి దొరికింది. వెనక పేజీలోని రాత ఇటు కనిపించకుండా ఒక నల్ల కాగితం ఆనించి, 600 డీపీఐలో స్కాన్ చేశాను. నిజమైన పాత కాగితం ఎలా ఉంటుందో అప్పుడే సరిగ్గా చూశాను. గాలీ వెలుతురూ ముందుగా తగిలేది అంచులకే కాబట్టి గోధుమ రంగు అక్కడినుంచి లోపలికి పాకుతుంది, మధ్యలో ఇంకా లేతగానే ఉంటుంది. మడత దగ్గర నలుపెక్కదు, అరిగి తెల్లబడుతుంది. అమ్మకానికి వచ్చే టెక్స్చర్లలో చాలావాటికి ఈ తేడా తెలియదు, ఎక్కడ చూసినా కాల్చిన అప్పడంలా ఉంటాయి. ఆ స్కాన్‌ను కార్డు మీద పై లేయరుగా పెట్టి, కింది డిజైన్ కనిపిస్తూనే కాగితం రంగు దానిమీద కలిసే మల్టిప్లై పద్ధతిలోకి మార్చి, పసుపు కోసం మూలలు లేతగా వదిలేస్తే గంటలో పని అయిపోయింది.

ఇంట్లో పాత పుస్తకం లేకపోతే తెల్ల కాగితానికి టీ డికాక్షన్ పూసి, నలిపి, ఆరబెట్టి స్కాన్ చేసుకోండి. అదీ కుదరకపోతే ఫోటోషాప్‌లో లేత గోధుమ, ముదురు గోధుమ రంగులు ఎంచుకుని ఫిల్టర్ మెనూలోని రెండర్‌లో క్లౌడ్స్ (మబ్బుల్లాంటి మచ్చలు) వేసి, పైన కొద్దిగా నాయిస్ (గరుకు చుక్కలు) కలిపి, అంచులను బర్న్ టూల్‌తో ముదరనివ్వండి. ఉచితంగా దొరికే గింప్‌లో క్లౌడ్స్ బదులు సాలిడ్ నాయిస్ ఉంటుంది. స్కాన్‌కు ఉండే జీవం దీనికి రాదు గానీ పిందెలు మాత్రం వరస కట్టవు.

ప్లేట్లు, బోర్డు, రెండోసారి అచ్చు కలిపి 7,800 రూపాయలు నా చేతి నుంచి పోయాయి. పెద్దాయన దగ్గర రెండో అచ్చుకు పైసా తీసుకోలేదు. ప్యాక్ డబ్బు తిరిగి ఇమ్మని అడిగిన పది నిమిషాలకే అమ్మినవాడు నన్ను బ్లాక్ చేశాడు. చెల్లింపు రసీదు, ప్రకటన స్క్రీన్‌షాట్లు పెట్టుకుని సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. మీరూ మోసపోయి ఉంటే ఆలస్యం చేయకుండా ఆ నంబరుకే చేయండి. షాపు పెట్టి బిల్లు ఇచ్చి అమ్మినవాడు నాసిరకం అంటగడితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

నిన్న సాయంత్రం ఇంకో పేరుతో ఇంకో ప్రకటన వచ్చింది. ఈసారి 500 టెక్స్చర్లట, ధర 999. నమూనా బొమ్మలో కుడివైపు పైన అదే మామిడి పిందె.