స్టవ్ కుక్కరా, ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కరా, రైస్ కుక్కరా? రోజూ వండుకునేవాళ్ళకి ఏది మేలు

ఈమధ్య నన్ను ఈ ప్రశ్న అడగనివాళ్ళు లేరు. కొత్తగా ఉద్యోగంలో చేరి ఒక్కళ్ళే ఉంటున్నవాళ్ళు, ఇద్దరూ పనికెళ్ళే జంటలు, పిల్లలు చదువులకి వెళ్ళిపోయాక వంట మీద ఇంట్రస్ట్ తగ్గిన పెద్దవాళ్ళు, అందరిదీ ఒకటే మాట: "రోజూ సింపుల్‌గా అన్నం, ఇంకో ఐటమ్ చేసుకుంటాం, ఎక్కువ పని పెట్టుకోలేం, ఏది కొనమంటారు?" ఒక్కొక్కళ్ళకీ విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయింది, అందుకే అంతా ఒకేచోట రాసేస్తున్నా. కుక్కర్ వాడటం అందరికీ వచ్చు కాబట్టి ఆ పాఠం జోలికి పోవట్లేదు.

అడిగేవాళ్ళు మొదట చూసేది ఏది ఫాస్ట్ అని. నా లెక్కలో అది రెండో ప్రశ్న. పొయ్యి మీద గిన్నె అరగంట ఉంటే మనకి పోయేదేం లేదు, ఆ అరగంటా మన చెవి, మన ధ్యాస వంటింట్లోనే ఉండాల్సి రావడమే అసలు విసుగు. స్నానానికి వెళ్ళాలంటే విజిల్ వస్తుందేమో, ఫోన్ ఎత్తితే మర్చిపోతామేమో, ఈలోపు మిగతా పనులేవీ పూర్తిగా కావు. కాబట్టి నేను ప్రతి వస్తువునీ ఒకటే అడుగుతా: నిన్ను ఆన్ చేసి నేను పక్క గదిలోకి పోయి పడుకోవచ్చా?

స్పీడ్ సంగతి ముందే తేల్చేద్దాం, ఎందుకంటే ఎలక్ట్రిక్‌ది మామూలు కుక్కర్ కంటే ఫాస్ట్ అని చాలామంది అనుకుంటున్నారు. కాదు. స్టవ్ మీద పెట్టే వెయిట్ కుక్కర్‌లో ప్రెషర్ బయటి గాలి కంటే సుమారు 15 పీఎస్ఐ ఎక్కువ ఉంటుంది, అంటే చదరపు సెంటీమీటర్‌కి ఒక కేజీ అనుకోండి, దాంతో లోపల వేడి దాదాపు 120 డిగ్రీల సెల్సియస్‌కి వెళ్తుంది. ఎలక్ట్రిక్ వాటిల్లో చాలావరకు 10 నుంచి 12 పీఎస్ఐ దగ్గరే ఆగుతాయి, వేడి 115–118 డిగ్రీలు. పైగా ప్రెషర్ ఎక్కడానికి పది నిమిషాలు, పన్నెండు నిమిషాలు తీసుకుంటాయి, స్క్రీన్ మీద "10 నిమిషాలు" అని మనం పెట్టింది ప్రెషర్ ఎక్కిన తర్వాత మొదలయ్యే లెక్క, తర్వాత దానంతటది చల్లారడానికి ఇంకో పావుగంట. అంటే స్టవ్ మీద పాతిక నిమిషాల్లో తెమిలే పప్పు ఎలక్ట్రిక్ దాంట్లో ముప్పై అయిదు, నలభై నిమిషాలు పట్టినా ఆశ్చర్యం లేదు. గడియారం చూసుకుని వండేవాళ్ళు ఇక్కడితో చదవడం ఆపి స్టవ్ కుక్కర్ కొనుక్కోవచ్చు, తప్పేం లేదు.

స్టవ్ కుక్కర్‌కి నేనేమీ శత్రువుని కాను. దాంట్లో పాడయ్యే పార్ట్స్ చాలా తక్కువ, గ్యాస్కెట్ మార్చుకుంటూ, వెయిట్ పెట్టే గొట్టం శుభ్రంగా ఉంచుకుంటూ, సేఫ్టీ వాల్వ్ అరిగినప్పుడు మారిస్తే ఏళ్ళ తరబడి నడుస్తుంది. కరెంట్ పోయినా ఫర్వాలేదు, నలుగురు చుట్టాలు వచ్చినా ఫర్వాలేదు, లోపల గిన్నెలు ఒకదాని మీద ఒకటి పెట్టి అన్నం, పప్పు, దుంపలు ఒకేసారి దించేయొచ్చు. కొండ ప్రాంతాల్లో ఉండేవాళ్ళకైతే ప్రెషర్ లేకుండా పప్పు ఉడకడమే కష్టం, 1500 మీటర్ల ఎత్తులో నీళ్ళు 95 డిగ్రీలకే మరిగిపోతాయి కదా.

కానీ విజిల్స్ లెక్క ఉంది చూశారూ, అదే నన్ను విసిగించేది. "మూడు విజిల్స్ రానివ్వండి" అని వంటల్లో రాసేస్తారు, ఎవరి మూడు విజిల్స్? మంట పెద్దగా పెడితే అయిదారు నిమిషాల్లోనే మూడు వచ్చేస్తాయి, పప్పు పలుకు మీద ఉంటుంది. సన్నమంట మీద అదే మూడు రావడానికి ఇరవై నిమిషాలు పడితే పప్పు పాయసంలా జారిపోతుంది. కుక్కర్ సైజు, లోపల ఎంత వేశాం, గ్యాస్కెట్ ఎంత పాతది, అన్నీ ఆ లెక్కని మార్చేస్తాయి. విజిల్ అంటే లోపల ప్రెషర్ నిండింది, ఎక్కువైన ఆవిరి బయటికి పోతోంది అని అర్థం, అంతకంటే దానికి ఏమీ తెలీదు. మొదటి విజిల్ రాగానే మంట బాగా తగ్గించి అక్కడినుంచి నిమిషాలు లెక్కపెట్టుకుంటే రోజూ ఒకేలా ఉడుకుతుంది, గ్యాస్ కూడా ఆదా, వంటిల్లంతా పప్పునీళ్ళు చిమ్మడం కూడా తగ్గుతుంది. కుక్కర్ బుక్‌లెట్స్‌లో కూడా చాలావాటిల్లో ఇదే ఉంటుంది, ఆ కాగితం ఎవరు చదువుతారు గానీ. సరే ఇంత చేసినా రెండుసార్లు స్టవ్ దగ్గరికి వెళ్ళాల్సిందే, ఒకసారి మంట తగ్గించడానికి, ఒకసారి ఆపడానికి. చూడ్డానికి చిన్న పనే, కానీ రోజూ సాయంత్రం అలసిపోయి ఇంటికొచ్చినవాళ్ళకి ఆ రెండుసార్లే భారం.

ఇక ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్. 2010లో ఇన్‌స్టంట్ పాట్ అనే బ్రాండ్ మార్కెట్లోకి వచ్చాక ఈ రకం బాగా జనంలోకి వెళ్ళింది, ఇప్పుడు అన్ని కంపెనీలూ చేస్తున్నాయి. నా ప్రశ్నకి ఇది సూటిగా "పోయి పడుకో" అంటుంది. కడిగి, నీళ్ళు పోసి, మూత తిప్పి, బటన్ నొక్కితే మన పని అయిపోయినట్టే, విజిల్స్ ఉండవు, ప్రెషర్ ఎక్కాక అదే కరెంట్ తగ్గించుకుంటుంది, టైమ్ అవ్వగానే వేడిగా ఉంచే మోడ్‌లోకి వెళ్ళిపోతుంది. ఈ వేడిగా ఉంచడం ఏదో సోకు అనుకోవద్దు. వండిన అన్నాన్ని గంటల తరబడి బయట వదిలేస్తే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా పెరుగుతుంది, దాని స్పోర్స్ (విత్తనాల్లాంటి గట్టి రూపాలు) ఉడికించినా చావవు, అది వదిలే విషం మళ్ళీ వేడి చేసినా పోదు. 60 డిగ్రీల పైన ఉంచితే ఆ పెరుగుదల ఉండదు. లేట్‌గా ఇంటికొచ్చేవాళ్ళు ఉన్న ఇంట్లో దీని విలువ తెలుస్తుంది. అలాగని పొద్దుటి అన్నం రాత్రిదాకా అందులోనే ఉంచితే అడుగు గట్టిపడి ఎండిపోతుంది, రెండు మూడు గంటల వరకు బాగుంటుంది, ఆ తర్వాత ఫ్రిజ్‌లోకి మార్చేయడమే.

డిలే టైమర్, అంటే మనం పెట్టిన టైమ్‌కి వంట దానంతటదే మొదలయ్యే ఏర్పాటు, ఇంకో సుఖం. శనగలు, రాజ్మా లాంటివి నీళ్ళలో పోసి రాత్రి పెట్టేస్తే తెల్లారేసరికి నానడం, ఉడకడం రెండూ అయిపోతాయి. కాకపోతే రాజ్మా వరకు నేను విడిగానే నానబెట్టి ఆ నీళ్ళు పారబోసి వేస్తా, ఎందుకో కింద చెప్తా. మాంసం, పాలు, గుడ్డు కలిసినవి మాత్రం డిలేలో పెట్టకండి, వంట మొదలయ్యేదాకా అవి గది వేడిలోనే కూర్చుంటాయి.

దీని చిరాకులు కూడా చెప్పాలి కదా. తాలింపు వేయడానికి సాటే మోడ్ ఉంటుంది కానీ మంట మీద వచ్చే ఊపు రాదు, ఉల్లిపాయ వేగడానికి బాగా ఓపిక కావాలి. టమాటా గుజ్జు, మసాలా ముద్ద లాంటి చిక్కటివి అడుగుకి అంటుకుంటే "బర్న్" అని చూపించి ఆగిపోతుంది, అందుకే వేయించాక కొంచెం నీళ్ళు పోసి అడుగు గీరి, చిక్కటివన్నీ పైన వేసి కలపకుండా మూత పెట్టాలి. సైజుని బట్టి కనీసం ఒక కప్పో ఒకటిన్నర కప్పో నీళ్ళు లేనిదే ప్రెషర్ ఎక్కదు, కాబట్టి ఆరు లీటర్ల దాంట్లో ఒక్కరికి కూర చేద్దామంటే అది చారు అవుతుంది. మూతలోని సిలికాన్ రింగ్ మసాలా వాసన పీల్చేసుకుంటుంది, ఎంత తోమినా పూర్తిగా పోదు. కరెంట్ మధ్యలో పోతే వంట అక్కడే ఆగుతుంది, వెయ్యి వాట్ల దాకా లాగుతుంది కాబట్టి చిన్న ఇన్వర్టర్ మీద నడిచే పని కాదు. ఇవన్నీ నిజమే, అయినా నా వారం రోజుల వంట దీంట్లోనే.

రైస్ కుక్కర్ చాలా మంచి వస్తువు, దానికి వచ్చిన పని ఒక్కటే. జపాన్‌లో 1955లో తోషిబా ఆటోమేటిక్ రైస్ కుక్కర్ అమ్మడం మొదలుపెట్టినప్పటినుంచీ దీని కిటుకు పెద్దగా మారలేదు: గిన్నెలో నీళ్ళు ఉన్నంతసేపు వేడి 100 డిగ్రీలు దాటదు, నీళ్ళన్నీ బియ్యం పీల్చుకోగానే అడుగు వేడి పైకి లేస్తుంది, కింద ఉన్న థర్మోస్టాట్ అది పసిగట్టి టక్కున స్విచ్ పడేస్తుంది. నిమిషాల లెక్క కూడా అక్కర్లేదు, నీళ్ళు అయిపోవడమే దానికి గడియారం. నా ప్రశ్నకి ఇది కూడా పాసే. పైన జల్లెడ గిన్నె పెట్టి కూరగాయ ముక్కలో, గుడ్లో ఆవిరి మీద ఉడికించుకోవచ్చు. రోజూ అన్నం ఒక్కటే ఇంట్లో వండి కూర ఎక్కడినుంచో తెచ్చుకునేవాళ్ళకి ఇంతకంటే ఏమీ వద్దు. కానీ పప్పు పెడితే పొంగి మూత కంతలోంచి కారిపోతుంది, గింజలైతే గంటకి పైగా పడతాయి. "రైస్ కుక్కర్‌లోనే అన్నీ చేయొచ్చట కదా" అని అడిగితే, చేయొచ్చు, కానీ అప్పుడు దాని పక్కన నిలబడాలి, ఇంక కొన్న లాభమేముంది.

ఇప్పుడు ఎవరూ అడగని నాలుగోది, నాకు బాగా నచ్చినది: ఇండక్షన్ స్టవ్ మీద మామూలు ప్రెషర్ కుక్కర్. చాలా ఇండక్షన్ స్టవ్‌లకి టైమర్ ఉంటుంది, దాన్ని ఎందుకో ఎవరూ ముట్టుకోరు. ఇంట్లో స్టవ్ కుక్కర్ బాగానే ఉంటే, దాని అడుగుకి అయస్కాంతం గట్టిగా అంటుకుంటే (ఉత్త అల్యూమినియం అయితే అంటుకోదు, పనికిరాదు), మధ్యరకం వాట్స్‌లో పెట్టి ఇరవై నిమిషాల టైమర్ వేసేయండి. విజిల్స్ వస్తే రానివ్వండి, లెక్కపెట్టక్కర్లేదు, టైమ్ అవ్వగానే అదే ఆగిపోతుంది, ప్రెషర్ మెల్లగా దిగాక తీసుకోవడమే. ఎన్ని వాట్స్, ఎన్ని నిమిషాలు అనేది మీ కుక్కర్ సైజుని బట్టి మారుతుంది, మొదట్లో కొన్నిసార్లు దగ్గరుండి చూసుకుని ఒక లెక్క కుదుర్చుకోవాలి. రెండు జాగ్రత్తలు: విజిల్స్‌లో ఆవిరి పోతుంటుంది కాబట్టి నీళ్ళు అర కప్పు ఎక్కువే పోయండి, స్టవ్ ఆన్‌లో ఉండగా ఇల్లు వదిలి మాత్రం వెళ్ళకండి. ఎలక్ట్రిక్ కుక్కర్ ఇచ్చే నిశ్చింతలో ముప్పావు వంతు ఇది ఇచ్చేస్తుంది, అదీ స్టవ్ కుక్కర్ స్పీడ్‌తో. వేడిగా ఉంచడం, డిలే టైమర్ ఉండవు, అంతే తేడా.

మిగతావి అడిగారు కాబట్టి చెప్తున్నా. తక్కువ వేడి మీద గంటల తరబడి ఉడికించే స్లో కుక్కర్ పప్పులు, అన్నం తినే ఇంటికి అనవసరం. రాజ్మా దాంట్లో నేరుగా వేయకండి, ఆ గింజల్లో ఫైటోహీమాగ్లుటినిన్ అనే విషపదార్థం ఉంటుంది, అయిదు గంటలైనా నానబెట్టి, ఆ నీళ్ళు తీసేసి, కొత్త నీళ్ళలో కనీసం పది నిమిషాలు తెర్లేలా మరిగిస్తేనే పోతుంది. స్లో కుక్కర్‌లో అంత వేడి రాకపోవచ్చు, సగం వేడిలో ఉడికితే పచ్చి గింజల కంటే ఎక్కువ ప్రమాదం. మైక్రోవేవ్ వేడి చేసుకోవడానికి, రెండు బంగాళాదుంపలు ఉడకబెట్టడానికి బాగుంటుంది, గుడ్డు పెంకుతో పెడితే పేలుతుంది. ఎయిర్ ఫ్రైయర్ వేరే కథ, అది ఉడికించేది కాదు, ఈ పోలికలోకి రాదు.

మరి ఏం కొనాలి అంటే, ఇంట్లో ఏమీ లేకుండా కొత్తగా మొదలుపెడుతున్నవాళ్ళు, ఇద్దరూ పనికెళ్ళేవాళ్ళు ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్ తీసుకోండి, రైస్ కుక్కర్ విడిగా అక్కర్లేదు, ఇందులోనే కొలతకి కొలత నీళ్ళు పోస్తే అన్నం పొడిగా వస్తుంది, మెత్తగా కావాలంటే ఇంకో పావు కప్పు. ఆవిరి బయటికి పోదు కాబట్టి విడి గిన్నెలో వండినట్టు రెట్టింపు పోస్తే జావ అవుతుంది, కొత్తగా కొన్నవాళ్ళు కుక్కర్ బాలేదని ఫోన్ చేసేది చాలావరకు దీని గురించే. మంచి స్టవ్ కుక్కర్ ఉన్నవాళ్ళు టైమర్ ఉన్న ఇండక్షన్ స్టవ్ ఒకటి చూసుకోండి. వంట చేస్తూ వంటింట్లోనే ఉండటం ఇష్టమైనవాళ్ళకి ఇవేవీ వద్దు, ఉన్నది చాలు.

ఎలక్ట్రిక్ కుక్కర్ సైజు విషయంలో మొహమాటపడకండి, ఒకరి నుంచి ముగ్గురికి మూడు లీటర్లు చాలు, "ఎప్పుడైనా చుట్టాలొస్తే" అని ఆరు లీటర్లది కొంటే రోజూ ఆ పెద్ద గిన్నె తోముకోవాలి. లోపలి గిన్నె స్టీల్‌ది ఉన్న మోడల్ చూడండి, నాన్‌స్టిక్ పూత మీద స్టీల్ గరిటె పడితే ఎన్నాళ్ళో ఉండదు. సిలికాన్ రింగ్ మాత్రం ఏడాది, ఏడాదిన్నరకి వదులైపోతుంది కాబట్టి కొనేరోజే ఇంకొకటి ఎక్స్‌ట్రా తీసిపెట్టుకోండి, తర్వాత వెతికితే మీ మోడల్‌ది దొరక్కపోవచ్చు, అప్పటిదాకా ఒకటి మసాలా వంటలకి, ఇంకోటి పాయసాలకి వాడుకోవచ్చు.