ఆ టిక్ టిక్ ట్యాపెట్లది కాదు, ప్యాకింగ్‌ది

చిన్న కారుకి ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండు మానిఫోల్డ్‌ల (ఇంజన్‌లోకి గాలి తెచ్చే, పొగని బయటికి పంపే గొట్టాల) గ్యాస్కెట్లూ, అంటే అతుకుల్లో సందు లేకుండా వేసే ప్యాకింగులూ, కలిపి వచ్చే సెట్ ఇది. నాలుగు స్టార్లు ఇస్తున్నా, ఐదోది ఎందుకు ఆపానో కింద చెప్తా. మానిఫోల్డ్ ప్యాకింగ్ పోయిందని తెలియక అక్కర్లేని పార్టులన్నీ మార్చుకుంటూ పోయేవాళ్లు చాలామంది ఉంటారు, నేనూ ఆ బాపతే కాబట్టి ముందు ఆ సంగతి.

పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేస్తే బానెట్ కింద టిక్ టిక్‌మని ఒకటే చప్పుడు, యాక్సిలరేటర్ నొక్కితే అదీ జోరందుకోవడం, పది నిమిషాలు తిరిగొచ్చేసరికి ఏమీ ఎరగనట్టు సైలెంట్. షెడ్డులో చూపిస్తే ట్యాపెట్లు (ఇంజన్ వాల్వుల్ని తెరిచే భాగాలు) అన్నారు, సెట్టింగ్ చేసి పంపారు, మర్నాడు పొద్దున మళ్లీ మామూలే. వేడెక్కాక చప్పుడు తగ్గుతోందన్నప్పుడే నాకు వెలగాల్సింది: వేడికి లోహం సాగి సందు మూసుకుంటుంది, చల్లారితే తెరుచుకుంటుంది. చివరికి హీట్ షీల్డ్ విప్పి టార్చ్ వేసి చూస్తే మూడో సిలిండర్ దగ్గర, మానిఫోల్డ్ అంచు నుంచి ఇంజన్ హెడ్ (సిలిండర్ల పైభాగం) మీదికి వేలెడు మేర నల్లటి మసి చార, విసనకర్రలా విచ్చుకుని కనిపించింది.

బండి మైలేజ్ కూడా పడిపోయింది, దానికీ కారణం ఇదే. ఎగ్జాస్ట్‌లో ఒత్తిడి అలలుగా వస్తుంది, రెండు అలల మధ్య ఆ సందులోంచి బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది, ఆక్సిజన్ సెన్సర్ ఆ గాలిని చూసి పెట్రోల్ తక్కువైందనుకుంటుంది, ఇంజన్ కంప్యూటర్ ఈసీయూ పాపం ఇంకాస్త పోస్తుంది. మైలేజ్ సరే, ఏసీ వెంట్లలోంచి పొగ వాసన వస్తుంటే మాత్రం వాయిదా వేయకండి. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసన ఉండదు, మనకి తగిలే వాసన మిగతా పొగది.

ఇన్‌టేక్ వైపు పోతే కథ వేరు. టిక్ టిక్ బదులు సన్నగా బుస్సుమంటుంది, ఐడ్లింగ్ పైకీ కిందికీ ఊగుతుంది, స్కానర్ పెడితే పి0171 లాంటి లీన్ కోడ్ (గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ అని చెప్పేది) రావచ్చు. ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోల్‌ని ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చూపే అంకె) ఐడ్లింగ్‌లో బాగా ప్లస్‌లో ఉండి, 2500 ఆర్‌పీఎంకి తీసుకెళ్లగానే మామూలుకొస్తుంటే బయటి గాలి ఎక్కడో దూరుతోందని గట్టిగా అనుమానించొచ్చు. కార్బ్ క్లీనర్ కొట్టి చూసే పద్ధతి ఉంది కానీ, వేడి ఎగ్జాస్ట్ పక్కన మండే స్ప్రేతో ఆటలొద్దు, షెడ్డులో స్మోక్ టెస్ట్ (పొగ పంపి ఎక్కడ లీకవుతోందో చూడటం) చేయించుకోవడం మేలు.

ఇక సెట్ సంగతి. ఎగ్జాస్ట్‌ది పలచటి స్టీలు పొరలు కలిపి చేసింది, పోర్టుల చుట్టూ ఉబ్బెత్తు అంచు ఉంది, పాతదాని మీద పెట్టి చూస్తే రంధ్రాలు వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చున్నాయి. కొత్తదాన్ని ఎక్కించడం గంట పని, పాతది విప్పడమే ఒకరోజు పని. స్టడ్ల (నట్లు ఎక్కే మరల కడ్డీల) మీద తుప్పు నూనె ముందురోజు సాయంత్రమే కొట్టి వదిలేశా, అయినా చివరి నట్టు పట్టు వదలకుండా స్టడ్‌తో సహా ఊడొచ్చింది. ఊడొచ్చింది కాబట్టి అదృష్టం, విరిగి హెడ్‌లోనే ఉండిపోతే డ్రిల్లు, కొత్త మరలు, అదో పెద్ద పని. హెడ్ అల్యూమినియంది కాబట్టి పాత గ్యాస్కెట్ ముక్కల్ని ఉక్కు బ్లేడుతో గీకకండి, ప్లాస్టిక్ గీకుడుతో నిదానంగా తీశా. మానిఫోల్డ్ ఫేస్ (హెడ్‌కి ఆనే వైపు) మీద స్టీలు స్కేలు నిలబెట్టి, ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి రేకు) దూరుతుందేమో చూశాను. వంగిన ఫేస్ మీద ఎంత మంచి ప్యాకింగ్ వేసినా మళ్లీ ఊదుతుంది, దాన్ని ముందు మెషీన్ షాపులో సాపు చేయించాలి. సీలెంట్ పూయలేదు, పొడిగానే పెట్టా. నట్లు మధ్యలోంచి బయటికి, మూడు విడతల్లో. చిన్న బండ్ల ఎం8 నట్లకి టార్క్ చాలావరకు 20–25 న్యూటన్ మీటర్ల దగ్గరే ఉంటుంది గానీ మీ మాన్యువల్‌లో ఏ అంకె ఉంటే అదే ఖాయం, చేతి అంచనాకి వదలొద్దు.

ఐదో స్టార్ ఎందుకు పోయిందంటే, ఇన్‌టేక్ రబ్బరు గాడిలో గట్టిగా కూర్చోవడం లేదు. ప్లాస్టిక్ మానిఫోల్డ్‌ని తిప్పి పెట్టబోయేసరికి రెండుసార్లు జారి ఎక్కడో కింద పడింది, మూడోసారి కాస్త సిలికాన్ గ్రీజు రాస్తే నిలబడింది. కొత్త స్టడ్లు, నట్లు డబ్బాలో లేవు, టార్క్ అంకెలున్న చిన్న కాగితమైనా పెట్టలేదు. పాతవి విప్పకముందే నట్లు తెచ్చి పెట్టుకోండి, నేను బండి విప్పేసి, నడిచి వెళ్లి తెచ్చుకున్నా.

మూడు వారాలైంది. మసి లేదు, వాసన లేదు. పొద్దున స్టార్ట్ చేస్తే సన్నగా కుట్టుమిషన్ లాంటి చప్పుడొకటి ఇప్పుడు వినిపిస్తోంది, ఇన్నాళ్లూ పెద్ద మోత కింద దాగి ఉన్నట్టుంది. అది మాత్రం నిజంగానే ట్యాపెట్లది.