91 నొక్కితే 91వ కీర్తనే పలకాలి: తెలుగు ఆడియో బైబిల్ డబ్బాల సమీక్ష

ఒంగోలు, కావలి, నెల్లూరుల్లో క్రైస్తవ పుస్తకాల షాపుకి పోయినా, సువార్త సభల దగ్గర స్టాళ్ళు చూసినా, బైబిళ్ళ పక్కన అరచేతిలో పట్టేంత స్పీకరు డబ్బాలు వరసగా పేర్చి ఉంటాయి. లోపల ఒక మెమరీ కార్డు, దాన్నిండా తెలుగు బైబిలు. ఎక్కువ శాతం మామూలు ఎఫ్ఎం రేడియో డబ్బాలే, మీద సిలువ స్టిక్కరు అంటించి అమ్ముతారు. అందులో తప్పేమీ లేదు. కొనేది ఎవరికోసమన్నదే అసలు సంగతి. కళ్ళు ఆనని అవ్వకి, బిడ్డలు దూరాన ఉండి ఒక్కడే ఇంట్లో ఉండే పెద్దాయనకి, ఆపరేషను ముందురోజు రాత్రి వార్డులో కన్ను మూతపడని మనిషికి. అందుకని పాటల స్పీకరుకి వేసినట్టు సౌండు చూసి మార్కులు వెయ్యకూడదు. రాత్రి రెండింటికి గుండె దడతో మెలకువ వచ్చిన మనిషి లైటు వెయ్యకుండా, కళ్ళజోడు వెతుక్కోకుండా, కావాల్సిన కీర్తన వినగలగాలి. పరీక్ష ఇదొక్కటే. షాపులో ఎట్లా ఇస్తే అట్లా వాడితే ఈ డబ్బాలు చాలావరకు ఆ పరీక్ష తప్పుతాయి. కొంచెం చెయ్యి చేసుకుంటే పాసవుతాయి.

డబ్బాలు రెండు రకాలు. ముందుకి, వెనక్కి, ఆపు అని నాలుగైదు బటన్లే ఉన్నవి ఒకటి. పాత కీప్యాడు ఫోనులాగా 0 నుంచి 9 దాకా అంకెలున్నవి ఇంకొకటి. అంకెలున్నదే తీసుకోండి, ఇందులో రెండో ఆలోచన వద్దు. మొదటి రకంలో కీర్తనలు వినాలంటే ఆదికాండము నుంచి యోబు దాకా 18 పుస్తకాలు, 478 అధ్యాయాలు దాటాలి. చీకట్లో వణికే వేలితో అది అయ్యే పనేనా?

అంకెలున్న డబ్బాలోనూ ఒక మెలిక ఉంది. షాపువాళ్ళు ఇదేమీ చెప్పరు. మీరు 91 నొక్కితే అది 91వ కీర్తనకి పోదు, కార్డులో 91వ ఫైలుకి పోతుంది. బైబిలంతా వరసలో ఎక్కించిన కార్డయితే, ఆదికాండము 50, నిర్గమకాండము 40 పోగా, 91వది లేవీయకాండము మొదటి అధ్యాయం. 'మహోన్నతుని చాటున' అని వినాలనుకున్న మనిషికి దహనబలి పశువుని ఎట్లా వధించాలో వినపడుద్ది. 23 నొక్కితే ఇంకా అన్యాయం: ఆదికాండము 23, శారా చనిపోవడం, ఆమెను గుహలో పాతిపెట్టడం. ఆ కార్డులో 91వ కీర్తన నిజమైన నంబరు 569, 23వ కీర్తనది 501. ఈ లెక్క మనకైతే సరదా, మంచం మీద ఉన్న అవ్వకి కాదు.

అందుకని కార్డుని మళ్ళీ కట్టుకోవాలి. అరగంట పని. కొత్త కార్డు 8 జీబీది చాలు. ఒక్క గొంతు చదివిన మామూలు రికార్డింగు 64 కేబీపీఎస్ నాణ్యతలో ఉంటే గంటకి 29 ఎంబీ లోపే, కాబట్టి '32 జీబీ' అని డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాసింది చూసి ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు. 64 జీబీ కార్డులైతే ఎక్స్‌ఫ్యాట్ అనే ఫైళ్ళు అమర్చే పద్ధతిలో వస్తాయి, చాలా డబ్బాలు వాటిని అసలు చదవవు. ముందు కంప్యూటర్లో కార్డుని ఫ్యాట్32 అనే పాత పద్ధతికి ఫార్మాట్ చెయ్యండి, అంటే మొత్తం తుడిచి ఖాళీ చెయ్యండి. 150 కీర్తనల ఫైళ్ళకి 001, 002 అంటూ 150 దాకా మూడంకెల పేర్లు పెట్టి, వరస తప్పకుండా కాపీ చెయ్యండి. పాటలు, ప్రసంగాలు, సువార్తలు ఏవైనా ఆ తర్వాతే.

ఫార్మాట్ ఎందుకంటే, ఈ డబ్బాల్లో చాలావాటికి ఫైలు పేరు పట్టదు. కార్డులో ఉండే ఫైళ్ళ పట్టికలో ఏది ముందు పడితే అదే 1. పాత కార్డులో ఏవో చెరిపేసి కొత్తవి ఎక్కిస్తే, చెరిపిన ఖాళీల్లోకి కొత్తవి దూరతాయి. కంప్యూటర్లో చూస్తే వరస చక్కగా ఉంటుంది, డబ్బాలో మాత్రం 91కి 37 పలుకుద్ది. ఫోన్లోంచి ఒకేసారి అన్నీ ఎంచి పంపినా వరస చెదరొచ్చు. కాపీ అయ్యాక 1, 23, 91, 150 నొక్కి చూడండి. నాలుగూ సరిగ్గా పలికితే మిగతావి సరే అనుకోవచ్చు.

ఎవరి రికార్డింగు అన్నది ఇంకో ముఖ్యమైన సంగతి. మన వైపు పెద్దవాళ్ళకి నోటికొచ్చినవన్నీ బైబిల్ సొసైటీ పాత అనువాదంలోవి. 'నాకు లేమి కలుగదు' అని వాళ్ళ పెదవులు ముందే కదులుతుంటాయి. తేలిక తెలుగు అనువాదం చదువుకునేవాళ్ళకి మేలే గానీ, భయంలో ఉన్న మనిషికి తెలిసిన మాట తెలిసిన చోట పడాలి. అది పడకపోతే 'ఇది మన బైబిలు కాదు నాయనా' అని పక్కన పెట్టేస్తారు. షాపులో 23వ కీర్తన మొదటి వచనం పెట్టించుకుని విన్నాకే డబ్బు ఇవ్వండి. అట్లాగే నాటకంలాగా పలు గొంతులతో, వెనక సంగీతంతో ఉన్నవి పగలు బాగుంటాయి. చిన్న స్పీకర్లో రాత్రిపూట ఆ సంగీతం మాటల్ని మింగేస్తుంది. ఒక్క గొంతు, నెమ్మదిగా చదివినదే మందులా పనిచేసుద్ది.

ఏ భయానికి ఏది? నిద్ర పట్టకపోతే 4, తర్వాత 121. నాలుగోది 8 వచనాలే, నెమ్మదిగా పడుకుని నిద్రపోతానన్న మాటతో ముగుస్తుంది. 121లో కాపాడేవాడు 'కునుకడు నిద్రపోడు' అంటుంది, అంటే కాపలా ఆయనది, మనం పడుకోవచ్చు. కొండలతట్టు కన్నులెత్తుతానని మొదలయ్యే ఆ కీర్తన వింటే ఒంగోలు వాళ్ళకి తమ ఊరి ప్రార్థన కొండ గుర్తుకొస్తుంది. 1854 జనవరి 1న అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు జూయెట్ దంపతులు, కొద్దిమంది తెలుగు విశ్వాసులు తెల్లవారుజామున అక్కడే ప్రార్థన చేశారు. కానీ ఆ కీర్తన రెండో వచనం కొండని దాటిపోతుంది, సహాయం కొండని పుట్టించినవాని దగ్గర్నుంచి అని. వరదా తుఫానూ అయితే 46. భూమి మారినా, సముద్రం పొంగినా భయపడమనే ఆ 11 వచనాలు 2021 నవంబరులో నెల్లూరు దగ్గర పెన్నా పొంగినప్పుడు గానీ, 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజు ఒంగోలు పక్కన తీరంలోని కొత్తపట్నంలో గానీ కూర్చుని విన్నవాళ్ళకి ఉపమానంలాగా అనిపించవు.

91 గురించి ఒక మాట ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఈ డబ్బాల్లో అందరూ ముందు వెతికేది అదే. దాన్ని తాయెత్తులాగా వాడే అలవాటు మనలో ఉంది: గుమ్మానికి అంటించడం, బండికి రాయించడం, ఇంట్లో ఎవరూ వినకపోయినా రోజంతా మోగించడం. ఆ కీర్తనలో దూతలు చేతులతో ఎత్తి పట్టుకుంటారన్న మాటనే అపవాది యేసు దగ్గర ఎత్తాడు, మత్తయి 4లో ఉంది. దేవాలయ శిఖరం మీంచి దూకమన్నాడు, ఆయన దూకలేదు. కీర్తన 15వ వచనం చూస్తే శ్రమ రాదనే మాట లేదు, 'శ్రమలో నేనతనికి తోడై యుండెదను' అనే ఉంది. ఈ తేడా తెలిసిన మనిషి డబ్బా ఆగిపోయినా భయపడడు. రోజంతా మోగిస్తే ఇంకో నష్టం కూడా ఉంది, చెవి దానికి అలవాటు పడి ఫ్యాను చప్పుడులాగా వదిలేస్తుంది. రాత్రి ఒకసారి, తెల్లారి ఒకసారి చాలు. ఛాతీలో నొప్పి, ఎడమ చెయ్యి లాగడం ఉంటే మాత్రం డబ్బాలో 91 తర్వాత, ముందు ఫోన్లో 108 అంబులెన్సు. రెండు వారాలుగా నిద్రలేదు, తిండి సయించడం లేదంటే డాక్టరు దగ్గరికి పోవాలి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలిమానస్ 14416కి ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు. కీర్తన వింటూ మాత్ర వేసుకుంటే విశ్వాసం ఏమీ తగ్గదు.

ఒకటి అయిపోయాక డబ్బా ఆగదు, తర్వాతదానికి పోతుంది. 23 తర్వాత 24, 91 తర్వాత 92, వీటితో ఇబ్బంది లేదు. కానీ 87 విని నిద్రలోకి జారిన మనిషి చెవిలో 88 పడుద్ది. అది చీకటితోనే ముగుస్తుంది, ఓదార్పు మాట చివర్లో ఉండదు. 108వ కీర్తన తర్వాత వచ్చే 109లో దాదాపు సగం శాపాలే. వాటికీ బైబిల్లో చోటుంది గానీ మగత నిద్రలో వినేవి కావు. ఒక్కదాన్నే మళ్ళీ మళ్ళీ పలికించే బటన్ ఉన్న డబ్బా చూసుకోండి.

బ్లూటూత్ ఉన్న డబ్బాల్లో ఒక పీడ ఉంది. ఆన్ చెయ్యగానే 'బ్లూటూత్ మోడ్' అని ఒక విదేశీ ఆడ గొంతు పెద్దగా అరుస్తుంది. సౌండు తగ్గించి పెట్టినా అది తగ్గదు. భయంతో లేచిన మనిషికి అది ఇంకో భయం, పక్క మంచం వాళ్ళకి కోపం. షాపులోనే ఆన్ చేయించి వినండి, అరిస్తే వద్దనండి. నీలం లైటు కళ్ళలో కొడుతుంటే నల్ల టేపు ముక్క అతికించండి. 5 అంకె మీద చీకట్లో తడిమితే తెలిసేట్టు గుర్తు ఉండాలి. బొట్టుబిళ్ళ అంటిస్తే సులువే గానీ మన అవ్వలు ఒప్పుకోరు, గోళ్ళ రంగు ఒక చుక్క వేసి ఆరనివ్వండి, బుడిపెలాగా గట్టిపడుద్ది.

బ్యాటరీ చాలావాటిలో పాత నోకియా ఫోన్లలో ఉండే బీఎల్-5సీ. అసలుది 1020 ఎంఏహెచ్ ఉంటుంది, అదే సైజులో 1800 అని రాసి అమ్మితే నమ్మొద్దు. మధ్యస్తం సౌండుతో నాలుగైదు గంటలు వస్తుంది. తుఫాను సీజన్లో రెండోది ఛార్జి చేసి దగ్గర పెట్టుకోండి. కరెంటు పోయిన రాత్రి ఫోను ఛార్జింగు మాటలకి దాచుకోవాలి, కీర్తనలకి ఈ డబ్బా ఉండాలి, దీన్ని కొనడానికి పెద్ద కారణం అదే. సముద్రం ఒడ్డు ఊళ్ళలో ఉప్పుగాలికి బ్యాటరీ తగిలే ఇత్తడి ముక్కలు పచ్చగా చిలుముపడతాయి, డబ్బా చచ్చిపోయిందనుకుని పారేస్తారు. పెన్సిలు రబ్బరుతో రుద్దితే లేచి కూర్చుంటుంది. బ్యాటరీ ఉబ్బితే మాత్రం ఇక వాడకండి. కొత్తగా వచ్చే టైప్-సీ డబ్బాలు కొన్ని రెండు వైపులా సీ ఉన్న కేబులుతో ఛార్జి ఎక్కవు, ఒకవైపు పాత యూఎస్‌బీ ఉన్నదే వాడండి. చెడిపోయిందని గొడవ పెట్టుకునేముందు ఇది చూసుకోండి.

సౌండు సరిపోవడం లేదని డబ్బాని స్టీలు గిన్నెలో పెడతారు. మోత పెరుగుద్ది, మాట పాడవుద్ది. చెక్క స్టూలు మీద, చెవికి మూరెడు దూరంలో పెట్టండి. వార్డులో అయితే ఒక చెవికే ఇయర్‌ఫోను, రెండో చెవి నర్సమ్మ పిలుపుకి.

కార్డులో 151 నుంచి మీ ఇంటి గొంతులు ఎక్కించండి. కువైట్‌లో ఉన్న కూతురో, హైదరాబాదులో చదివే మనవడో 23వ కీర్తన ఫోన్లో చదివి పంపితే, ఏ స్టూడియో రికార్డింగూ దానికి సాటి రాదు. ఫ్యాను ఆపేసి, ఫోను నోటికి జానెడు దూరంలో పట్టుకుని, వచనానికీ వచనానికీ మధ్య ఒక ఊపిరి వదిలి చదవమనండి. వాట్సాప్‌లో వచ్చిన ఫైలుని నేరుగా కార్డులో వేస్తే డబ్బా పలకదు, దాన్ని ఎంపీ3గా మార్చాలి. ఫోన్లోనే ఏదో ఒక కన్వర్టర్ యాప్‌తో నిమిషంలో అవుతుంది. చెరగని మార్కరుతో డబ్బా వెనక రెండు అంకెలు పెద్దగా రాసి ఇవ్వండి: ఒకటి 91, రెండోది 151. దాని పక్కన ఆ బిడ్డ పేరు.